గుండు తగిలిన చేతికి తలగాయపు సర్టిఫికెట్టు

ఫోరెన్సిక్ వైద్య విభాగాధిపతి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా గాయాల సర్టిఫికెట్టులో ‘గుండుకు’ అను మాట కొట్టివేసి ‘తుపాకీ గుండు’ అని దిద్దుట గురించి.

ముప్పై రెండేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన, డెబ్బై ఆరేళ్ల నేను విన్నవించుకొనునది:

1. గత సోమవారం ఉదయం, మా మేడమీద వాటాలో ఉండు మా బావమరిది, వయసు డెబ్బై రెండు, తన లైసెన్సు పిస్తోలును శుభ్రపరచుచుండగా అది పేలినది. గుండు నా ఎడమ ముంజేతిలోనుండి దూసుకుపోయి గోడలో దిగినది.

2. తమ ఆసుపత్రి డ్యూటీ డాక్టరు గారు “ఏమైంది తాతా?” అని అడుగగా, “గుండు తగిలింది బాబూ” అంటిని. ఆయన నా బట్టతల నిమిరి, “గుండుకేం కాలేదు, నున్నగా ఉంది. ఈ వయసులో బాత్‌రూములో చూసుకుని నడవాలి” అని, ‘గుండుకు స్వల్ప దెబ్బ. కారణం: జారిపడుట, వృద్ధాప్యం’ అని వ్రాసినారు. ‘కు’ అను ఒక్క అక్షరము ఇంత పని చేయుట నా ఉద్యోగకాలములో చూడలేదు.

3. చేయి చూపగా, పడునప్పుడు కిటికీ చువ్వ గుచ్చుకొన్నదని చేర్చినారు. అయ్యా, చేతికి ఒకవైపు చిన్న రంధ్రము, రెండవవైపు పెద్దది. చిన్నదాని చుట్టూ చర్మము కాలి నల్లబడినది. చువ్వ గుచ్చుకొన్న చర్మము కాలునా? తమకు నేను చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటయే. మా వయసువారిని రేపు పులి కరచినను జారిపడుట అనియే వ్రాయుదురేమో.

4. స్టేషనులో ఎస్సై గారు, “కాగితంలో తుపాకీయే లేదు తాతా, లేనిదాన్ని ఎలా పట్టుకెళ్తాం?” అన్నారు. డాక్టరు గారు పోలీసు కాగితము తెమ్మన్నారు. కాలికి వేస్తే మెడకు, మెడకు వేస్తే కాలికి. నేను ఆసుపత్రిలో ఉండగానే బావమరిది పిస్తోలును బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకొన్నాడు.

కావున తమరు స్వయముగా నా చేయి పరీక్షించి, సర్టిఫికెట్టు దిద్ది, ఆ పిస్తోలును మా ఇంటినుండి తీసుకుపోవునట్లు నేడే పోలీసువారికి వ్రాయుదురని ప్రార్థన. ‘వృద్ధాప్యం’ ఉంచవచ్చును, అందులో అచ్చుతప్పు లేదు. ఎర్రసిరాతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎడమచేయి మినహా క్షేమముగా ఉన్న ప్రూఫ్ రీడరు

తా.క.: ఒకటో నంబరులో ఒక తప్పు నేనే వదిలేశానండీ. వాడు శుభ్రం చేయడం లేదు. నూనె సీసా సీలు కూడా తీయలేదు. భార్య పోయినప్పటినుంచి వాడికి తిండి సయించడం లేదు. నేను వెళ్లేసరికి పిస్తోలు వాడి గుండెకేసి ఉంది. చేత్తో పక్కకు తోశాను. “నీకెందుకు తగలాలి బావా” అంటూ వాడే తువ్వాలు కట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ నల్లమచ్చ చూస్తే ఎంత దగ్గరనుంచి పేలిందో తమకు తెలిసిపోతుంది. అది రాసుకోండి. ముందు ఎవరివైపు తిరిగి ఉందో మాత్రం రాయకండి, వాడికి సిగ్గు. తాళంచెవి ఎంత అడిగినా ఇవ్వడం లేదు. మా ఆవిడ, అంటే వాడి అక్క, మోకాళ్ల నొప్పులతోనే కుర్చీ తెచ్చుకుని ఆ బీరువాకు వీపు ఆనించి కూర్చుంది. ఇవాళ మూడో రోజు. త్వరగా చెయ్యండి సార్.