ముందే వేసిన అంకె

అక్కా,

వార్డులో బావ మంచం పక్కన నీ ఎదురుగా గంటసేపు కూర్చుని కూడా చెప్పకుండానే లేచి వచ్చేశాను. అందుకే ఈ కాగితం.

నా పని సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. రోగి రక్తంలోంచి రోగనిరోధక కణాలు తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువును వాటిలో చేర్చి, పది రోజులు పెంచి, మళ్ళీ ఆ మనిషికే ఎక్కిస్తారు. పెంచే గది నాది. కిటికీ లేదు. రెండు తలుపులు, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. పెద్ద చదువు లేకపోయినా పదకొండేళ్ళుగా చూసి చూసి నేర్చుకున్నాను. కణాలు పెరిగే సంచుల మీద పేర్లుండవు, నంబరూ పుట్టిన తేదీ మాత్రమే. బావ పుట్టిన తేదీ నాకు తెలియదా? అయినవాళ్ళ సంచి వస్తే చెప్పి తప్పుకోవాలని రూలు. చెప్పలేదు. ఇంకొకరి చేతికి వదలబుద్ధి కాలేదు.

మంగళవారం, సంచులను ఒంటి వేడిలో ఉంచే ఇంక్యుబేటర్ తలుపు సరిగా పడలేదు. రోజుకు నాలుగుసార్లు లోపలి వేడి చూసి రిజిస్టరులో రాయాలి. ఎప్పుడు చూసినా ముప్పై ఏడే. అలవాటు ముదిరి, పొద్దున్నే నాలుగు గడుల్లోనూ ముప్పై ఏడు వేసేస్తున్నాను. ఆ సాయంత్రం చూస్తే ముప్పై ఒకటి. రిజిస్టరులో నా చేతిరాతతో ముప్పై ఏడు. తలుపు నొక్కాను. అంకె దిద్దలేదు.

చెబితే సంచి పారేస్తారేమో. మళ్ళీ కణాలు తీయించుకునే ఓపిక బావకు లేదని డాక్టరమ్మ నీ ముందే అంది. చెప్పకపోతే దెబ్బతిన్నవాటినే మంచివనుకుని ఎక్కిస్తారు. శుక్రవారం సంచి బయటికి వెళుతుంది. చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు చెప్పమంటే చెబుతాను.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. దాచమని నువ్వు రాయలేదుగా. "అయితే నా కణాలకు జలుబు చేయించాడన్నమాట మీవాడు. సైకిలు నేర్పిస్తానని నన్ను కాలవలో పడేసినప్పుడే అనుకున్నా" అన్నారు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నువ్వు మోయలేనిది తెచ్చి నా నెత్తిన పెట్టావు. చెప్పమంటే నా మొగుడి మందు నేనే పారబోయించినదాన్ని అవుతాను. వద్దంటే నీ అబద్ధంలో సగం నాది. రెండూ నాకొద్దు. మీ బావ మాట ఒకటే. "ఒంట్లోకి వెళ్ళేది నాకు. ఏం జరిగిందో తెలిసే ఎక్కించుకుంటా. డాక్టరమ్మకు వాడినే చెప్పమను."

వేళకు తిను.

మీ అక్క

*

అక్కా,

గురువారం పొద్దున చెప్పాను. బావ నాకేమవుతాడో కూడా చెప్పాను. డాక్టరమ్మ రిజిస్టరు తిరగేసి, "ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అంది. "గుర్తులేదండీ" అన్నాను. "అన్నీ రాసే మనిషివి" అని రిజిస్టరు మూసింది. తిట్టినా బాగుండేది.

ఇంక్యుబేటర్ తనంతట తాను దాచుకున్న లెక్క తీశారు. నాలుగు గంటలు వేడి తగ్గింది. కణాలు మళ్ళీ లెక్కపెడితే మూడో వంతు చనిపోయాయి. మిగిలినవి కనీస మోతాదుకు కాస్త పైన ఉన్నాయి. బావ అన్నీ తెలిసి ఒప్పుకుంటే ఇస్తామన్నారు. సంతకం పెట్టాడని విన్నాను. నా పాత రిజిస్టర్లన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్క రోజూ పోల్చి చూస్తున్నారు. ఎందరి సంచులో అక్కా.

నన్ను గదిలోంచి తీసేశారు. ఇప్పుడు అట్టపెట్టెల స్టోరులో కూర్చున్నాను. ఇకమీదట బావ గురించి నీకెంత తెలుస్తుందో నాకూ అంతే.

సోమవారం ఎక్కిస్తారట. తర్వాత జ్వరం రావచ్చు. వస్తే వెంటనే నర్సును పిలువు, బెదిరిపోకు. కణాలు పని మొదలుపెట్టాయేమో అనుకుంటారు మావాళ్ళు. జ్వరం వస్తే నాకు కబురు చెయ్యి.

రాకపోయినా చెయ్యి.

తమ్ముడు