ఏడో ఎలుక

బిష్కెక్, మంగళవారం

చోల్పన్ అక్కకి,

నోటితో చెప్పలేక రాస్తున్నాను. మా ప్రయోగశాలలో డాక్టరేట్ చేస్తున్న జిల్దిజ్ పరిశోధనలో నేనొక అబద్ధం పెట్టాను. శుక్రవారం ఆమె ఆ పరిశోధనను పరీక్షకుల ముందు నిలబెట్టుకోవాలి.

పన్నెండు ఎలుకలు. ఆరింటికి మందు ఎక్కించి మధుమేహం తెప్పించారు; మిగతా ఆరూ ఆరోగ్యమైనవి. వాటి క్లోమంలో దీవుల్లా గుంపు కట్టిన కణాలుంటాయి. అక్కడ ఇన్సులిన్ ఉన్నచోట గోధుమరంగు తేలేలా చేయడం నా పని. గాజుపలకల మీద నంబర్లు పెన్సిల్‌తోనే రాయాలి. ఆ రోజు తొందరలో పెన్నుతో రాశాను. స్పిరిట్‌లో ముంచితే అన్నీ చెరిగిపోయాయి.

రంగు చూసి విడదీశాను. నిండుగా ఉన్నవి ఆరోగ్యమైనవి, వెలిసినవి జబ్బువి. ఏడూ ఐదూ వచ్చాయి. ఏడింటిలో కాస్త పలచగా ఉన్నదాన్ని ఇటు జరిపి ఆరూ ఆరూ చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మళ్లీ చేద్దామంటే, రంగు పట్టించే మందు నాలుగు నెలలు ఎదురుచూస్తే వచ్చింది. సీసా అడుగున చుక్కలే మిగిలాయి.

జిల్దిజ్ వాళ్లమ్మ అప్పుడే పరీక్ష తర్వాతి విందుకి బోర్సోక్ పిండివంట వేయిస్తోంది. "బురుల్, నీ కుర్చీ నా పక్కనే," అంది జిల్దిజ్. నోరు మూసుకుందామనే నిశ్చయించుకున్నాను. నువ్వయినా నన్ను తిట్టు.

నీ బురుల్


శనివారం

అక్కా,

ఉండలేకపోయాను. బుధవారం మా ప్రయోగశాల పెద్ద, మేమంతా ఎజే అని పిలిచే సయ్‌కల్ గదికి వెళ్లి చెప్పేశాను.

"రంగు చూసి పేరు పెట్టావా? ఇంక ఎలుకలెందుకే, నువ్వొక్కదానివి చాలుగా!" అందావిడ.

జిల్దిజ్ కూడా అక్కడే ఉంది. "ముందే చెప్పలేకపోయావా?" అని మాత్రం అడిగింది.

క్లోమం ముక్కలున్న మైనపు దిమ్మల మీద నంబర్లు చెక్కుచెదరలేదు. మళ్లీ పొరలు కోశాను. మిగిలిన చుక్కలతో రంగు వేశాం. ఏడూ ఐదే వచ్చాయక్కా! నేను జరిపింది ఆరోగ్యమైనదే. నిండు రంగు తేలినవాటిలో ఆరు ఆరోగ్యమైనవి, ఏడోది మందు ఎక్కించిన ఎలుక. దాని ఇన్సులిన్ కణాలు తిరిగి పుట్టినట్టున్నాయి. రక్తపరీక్షల పాత పుస్తకం తీస్తే, దాని రక్తంలో చక్కెర మూడో వారం నుంచే తగ్గుతోంది. ఎవరమూ పట్టించుకోలేదు.

"ఒక్క ఎలుకతో ఏమీ తేలదు. ఇంకో ఇరవై కావాలి," అంది ఎజే. పరీక్ష వసంతానికి వాయిదా పడింది. విందు ఆగిపోయింది.

మూడు రోజులు జిల్దిజ్ నాతో మాట్లాడలేదు. ఇవాళ సూక్ష్మదర్శిని నుంచి తలెత్తకుండానే అడిగింది:

"ఈ పొరలు ఇంత పలచగా, చక్కగా ఎవరు కోశారు?"

"నేనే, జిల్దిజక్కా."

"నీ మీద కోపం పోలేదు. ఇప్పట్లో పోదు కూడా." గాజుపలక మారుస్తూ అంది, "ఆ ఇరవై కూడా నువ్వే కొయ్యి. ముందు ఆ ఏడుపు ఆపు, చెయ్యి వణుకుతుంది."

బురుల్