నన్నూ గడప పక్కనే తియ్యి

బిడ్డా నవ్యశ్రీ, కోపం తప్ప నాకే రోగమూ లేదు. ఫోన్‌లో చెబితే నవ్వుతావని టీచరమ్మతో కార్డు రాయిస్తున్నాను.

మొన్న నువ్వు కెమెరా తెస్తే పట్టుచీర కట్టి, నడి ఎండలో పింఛను ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను. కళ్లు మూతపడి ముఖం నల్లగా వచ్చింది. నా తోడికోడలు గంగుబాయి గడప పక్కన బీడీలు చుడుతుంటే ఊరికే తీశావు, వెలుగంతా ఆమె ముఖం మీదే! దుబాయిలో మీ బాపు ఆ ఫోటోనే ఫోన్ తెర మీద పెట్టుకున్నాడట. "నీ కొడుకు పొద్దుగాల లేస్తే నా మొకమే చూస్తుండు అక్కా" అంటోంది.

ఇంకా నేర్చుకుంటున్నానని చెప్పకు, ఆమెను తీసింది నీ చెయ్యే కదా!

నా కోడలికి, మీ అవ్వకు, మోకాలి నొప్పి తగ్గిందా? ఆదివారం పొద్దున్నే రా. గడప పక్కన బియ్యం ఏరుతుంటాను, చెప్పకుండా తియ్యి. కెమెరా వైపు చూడను. వెంటనే మీ బాపుకు పంపు, నన్ను చూశాకే వాడు డ్యూటీకి పోవాలి. చల్లగా బతుకు బిడ్డా.

మీ బాపమ్మ యాదవ్వ