ఆరు మామూలు గుండీలు

నాన్నా, ప్రాణాలతోనే ఉన్నాను, కంగారుపడకు. దాచుకోవలసిన పనేమీ చేయలేదు కనుక కవరు కాకుండా కార్డే రాస్తున్నాను. పోస్టుమాన్ చదివితే చదవనీ.

వీధికి అవతలి ఇంట్లోవాళ్లను కాల్చమని మా పటాలానికి ఆర్డరిచ్చారు. గురిపెట్టాను. కిటికీ దగ్గర ఒక ముసలాయన దారం నోట్లో తడుపుకుని, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కిస్తున్నాడు. అచ్చం కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న నువ్వే. అప్పటికి నేనూ ఒక కన్ను మూసుకునే ఉన్నాను. తుపాకి కింద పెట్టేశాను.

"ఎత్తరా, పిరికిపందా!" అని అధికారి బూటుకాలితో తన్నాడు.

"నావల్ల కాదు సార్" అన్నాను. చొక్కాకున్న ఇత్తడి గుండీలన్నీ అక్కడే తెంపించి, నన్ను గదిలో పెట్టి తాళం వేశారు.

నాకంటే ముందు తుపాకి పట్టనన్న వంటవాణ్ణి నిన్న పొద్దున గోడకు నిలబెట్టి కాల్చేశారు. అతని దుప్పటి నాకిచ్చారు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ రెండు ముక్కలూ దాటెయ్. ఆమెకు దగ్గు తగ్గిందా? ఎవరేమన్నా చెల్లిని చదువు మాన్పించకు.

వచ్చే నెల నా విచారణ. వాళ్ల ముందు చొక్కా చేత్తో మూసి పట్టుకుని నిలబడలేను. సూది, దారం, ఆరు గుండీలు పంపు. ఇత్తడివి వద్దు. నువ్వు అందరి చొక్కాలకూ కుట్టే మామూలువే కావాలి.

మీ ఇద్దరికీ దణ్ణాలు.

దర్జీగారి చిన్నబ్బాయి