ఒక్కసారే పిలుస్తాను

అక్కా,

నేను కులాసా. గొంతులోది క్యాన్సరేనట, కానీ ఇంకా మొదట్లోనే దొరికింది. మెడ మీద గాటు కూడా పెట్టలేదు. నోట్లోంచే గొట్టం దించి, కెమెరాలో చూస్తూ గోరంత ముక్క తీసేశారు. ఇక ఏడుపు మాని వేళకి తిను.

వారం దాకా నోరు మెదపొద్దన్నారు. రోజంతా మార్కెట్లో కూరగాయల వేలం పాడేవాడికి ఇదేం శిక్షే! నిన్న నర్సమ్మ, "నొప్పి పదికి ఎంత?" అంది. రెండు వేళ్లు చూపించాను. "రెండా?" అంది. ఎవరు ఏ అంకె అన్నా దాని పైఅంకె అందుకోవడమే కదా నా పని, చెయ్యి దానంతటదే మూడు చూపించింది. "మూడా?" అంటే నాలుగు. తొమ్మిది దగ్గర పాపం డాక్టరు కోసం పరిగెత్తింది.

బావగారు మోకాలికి మందు రాస్తున్నారా? నా మొక్కలకి నీళ్లు పొయ్యమను. ఆయనకి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

అన్నట్టు, ఇకమీదట నేను అరవకూడదట. గుయ్యిమంటోందని బీరువాలో పారేసిన చెవి మిషను తీసి పెట్టుకో. వచ్చాక గుమ్మంలో నిలబడి "అక్కా" అని ఒక్కసారే, మెల్లగా పిలుస్తాను. నీకు వినపడాలి.

నీ తమ్ముడు