ఎర్ర కారా, డీజిల్ జీపా

మార్చి 3, సోమవారం

లైసెన్స్ వచ్చింది! ఫొటోలో మొహం దొంగమొహంలా ఉంది, అయినా పదిసార్లు చూసుకున్నాను. నాయన బండి కొంటానన్నాడు. ఇక మన పొట్టేళ్ళను దోర్నాల హోటళ్ళకు మన బండిలోనే తోలొచ్చు. డ్రైవర్‌ని నేనే.

మార్చి 4

రెండు పాత బండ్లు దొరికాయి. ఒకటి 2003 మోడల్ ఎర్ర కారు, పెట్రోల్. ముందు చక్రాలు లాగుతాయి. స్టీరింగ్ ఒక్క చేత్తో తిరుగుతుంది. ఇంకోటి 2001 డీజిల్ జీపు. వెనక చక్రాలు నెడతాయి. స్టార్ట్ చేస్తే మా ఊరు హనుమంతునిపాడు మొత్తం లేచి కూర్చుంటుంది.

అమ్మ తమ్ముడు కోటి మామ, జీపు కొంటే నేనే తోల్తా, ఆడపిల్ల కాలికి ఆ క్లచ్ అందేదేంది అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఎర్ర కారే కావాలి. దేవుడా, ఎర్ర కారే.

మార్చి 6

గొర్రెను కొనేటప్పుడు నాయన పొద్దున్నే, మేత పెట్టకముందే చూస్తాడు. అమ్మేవాళ్ళు ఉప్పునీళ్ళు తాపి పొట్ట పెంచుతారని ఆయన అనుమానం. బండ్లను కూడా అట్లనే ఖాళీ కడుపుతో చూడాల అన్నాడు. స్టెప్నీతో సహా అన్నీ దింపించాడు.

దొడ్డి ఉన్న గుట్ట మీదికి రెండింటినీ ఎక్కించాం. కోటి మామ నడిపిన జీపు వెనక చక్రాలు కంకరలో గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. నేను నడిపిన ఎర్ర కారు గబగబా ఎక్కేసింది! పైకెళ్ళి హారన్ కొట్టాను. రేపు ఎర్రదాన్నే ఖాయం చేద్దాం అన్నాడు నాయన.

అదే రోజు, సాయంత్రం 7

ఒక సంగతి తట్టింది. దోర్నాలకు ఖాళీగా పోం కదా. వెనక పొట్టేళ్ళుంటాయి. బరువంతా వెనకే పడితే ముందు చక్రాలకు పట్టు ఎక్కడిది? డ్రైవింగ్ స్కూల్లో చెప్పారు. ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెబితే జీపే కొంటారు, డ్రైవర్ సీటు కోటి మామది.

చెప్పేశాను.

మార్చి 7

ఒక్కో బండికి ఐదు పొట్టేళ్ళు. ఎర్ర కారు గుట్ట సగంలో ముందు చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

కోటి మామ జీపెక్కబోతే నాయన ఆపాడు. బండి సంగతి మన అరుణకే తెలిసింది, తోలేది కూడా ఆ పిల్లే అన్నాడు. తాళం నా చేతిలో పెట్టాడు.

వీపు వెనక గోనెసంచి మడిచి పెట్టుకుంటే క్లచ్ అందింది. వెనక బరువుతో చక్రాలు కంకరను కరిచి పట్టుకున్నాయి. ఎక్కింది! ఎక్కించాను!

మార్చి 8, ఉదయం 5.10

దోర్నాలకు బయల్దేరబోతున్నాం. పొట్టేళ్ళు అరుస్తున్నాయి. పక్క సీట్లో కోటి మామ కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నాడు.