హనోయిలో రోడ్డు దాటాను

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక నేను ప్రయాణం కడుతున్నానంటే వెల్లింగ్టన్‌లో అందరిదీ ఒకటే మాట. "ఒక్కరే ఎందుకాంటీ, గ్రూప్ టూర్‌లో వెళ్లొచ్చుగా." నేను వినలేదు. మీ పాత బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని ఈ ఉదయం హనోయిలో దిగాను.

హోటల్ బయట అడుగు పెడితే రోడ్డు నిండా మోటార్‌సైకిళ్లు. వెల్లింగ్టన్ అలవాటు కొద్దీ, బళ్లు ఆగడానికి నొక్కే బటన్ ఎక్కడుందా అని స్తంభం చుట్టూ వెతికాను. లేదు.

"నా చెయ్యి వదలకు, నీకు రోడ్డు దాటడం రాదు" అని కాపురం చేసినన్నాళ్లూ అన్నారు. పెళ్లికి ముందు బెజవాడలో కాలేజీకి వెళ్లేటప్పుడు నన్ను ఎవరు దాటించారనుకున్నారు?

చెయ్యి అడ్డంపెట్టి తిన్నగా నడిచాను. బళ్లే పక్కకి తప్పుకున్నాయి.

అవతల నాకేం పని లేదు. మీకు చూపించడానికే మళ్లీ ఇవతలికి దాటాను.